వద్దంటే రెండు గరిటెలు

"ఇది కూత పెట్టదేటిరా?" అవ్వ నాలుగోసారి అడిగింది.

"పెట్టదవ్వా. కరెంటు కుక్కర్ కదా. ఉడికిపోతే బీప్ అంటాది" ధర్మ నాలుగోసారి చెప్పాడు.

అవ్వ పేరు సోంబారి. ఆమె కుక్కర్‌కి నాలుగడుగుల దూరంలో పీట వేసుకుని కూర్చుంది. దగ్గరికి రమ్మంటే రాదు. పొమ్మంటే పోదు.

"కూత నేకపోతే లోపల ఉడికినట్టు ఎలాగ తెలుత్తాది? పాపం, మూగది" అంది జాలిగా.

ఆ మూగది ఇంటికొచ్చి పది రోజులైంది. తెచ్చింది మల్లేశు మావ. మల్లేశు మావ అవ్వకి కొడుకు, అమ్మకి తమ్ముడు, చింతపల్లి రూటులో షేర్ జీపుకి డ్రైవరు. కట్టెల పొయ్యి పొగకి అక్క దగ్గుతోందని నర్సీపట్నంలో కుక్కర్ కొన్నాడు. దాన్ని జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టి, తాడు కట్టి, ఘాట్ రోడ్డంతా జాగ్రత్తగా తీసుకొచ్చాడు. ఆ రోజు ముందు సీటు మనుషులెవరికీ దొరకలేదు.

కుక్కర్‌తో పాటు ఒక చిన్న పుస్తకం కూడా వచ్చింది. దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాడు ఇంట్లో ధర్మ ఒక్కడే. అర్థం కాకపోయినా హిందీ పేజీలు కూడా వదల్లేదు. అలా ఆరో తరగతి చదువుతున్న ధర్మ ఆ ఇంటికి కుక్కర్ ఆపరేటర్ అయిపోయాడు. మూత తిప్పాలన్నా వాడే, బటన్ నొక్కాలన్నా వాడే. అమ్మ కూడా వాణ్ణి అడిగే నొక్కాలి.

ఈ ఆదివారం ఆపరేటర్‌గారికి పెద్ద పని పడింది.

ఊరి బడికి కొత్త టీచర్ వస్తోంది. పేరు ఉమామహేశ్వరి. లెక్కలూ సైన్సూ చెబుతుందట. అనకాపల్లి వైపు నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని ఈ రోజే కొండ ఎక్కుతోంది. ఆమె అద్దెగదిలో ఇంకా గ్యాస్ పొయ్యి లేదు, గిన్నె లేదు, గరిటె లేదు. అందుకని "తొలిరోజు భోజనం మా ఇంట్లోనే" అని ధర్మ వాళ్ళమ్మ రమణి ఫోన్‌లో చెప్పేసింది. రమణి బడి కమిటీ సభ్యురాలు. కమిటీలో అందరికన్నా ముందు మాట ఇచ్చేదీ, తర్వాత కంగారుపడేదీ ఆమే.

పొద్దున్న టీచర్ గది ఊడవడానికి వెళ్తూ అమ్మ ధర్మకి అన్నీ అప్పగించింది.

"పులగం నువ్వే పెట్టేయ్. టమాటా పచ్చడి అవ్వ చేత్తాది. ఒక్కటి గుర్తెట్టుకో. ఆవిడా, ఆవిడ కూతురూ పాలు, పెరుగు, నెయ్యి తినరంట."

"ఏం? ఒంట్లో బాగోలేదా?"

"ఏమో మరి, వద్దన్నారు. మనకదేం కష్టం? మనింట్లో అవి ఎప్పుడున్నాయి కనక?"

అది నిజమే. అవ్వ పుట్టిన ఊళ్ళో ఆవుపాలు పితకరు. ఆవు నాగలికి ఎడ్లనిస్తుంది, పొలానికి పేడ ఇస్తుంది. పాలు మాత్రం దూడవి. ఆ మాట అవ్వ చిన్నప్పుడు విన్నది, ఇప్పటికీ మర్చిపోలేదు. ఆమె టీ ఎప్పుడూ నల్లటి టీయే. ఆమె వంటలో నెయ్యి ఉండదు. అవ్వ వంటే అమ్మకి వచ్చింది, అమ్మ వంటే కుక్కర్‌లోకి వచ్చింది.

కానీ ఇంట్లో నెయ్యి అసలు లేకపోలేదు. అటక మీద, తేనె డబ్బా వెనకాల, చిన్న సీసాలో ఉంది. అది మల్లేశు మావ ధర్మ కోసమే తెచ్చిన సీసా. ధర్మకి నెయ్యి అంటే ప్రాణం. దాని సంగతి అమ్మ మర్చిపోయింది. ధర్మ మర్చిపోలేదు.

"బీప్! బీప్!"

అవ్వ పీటతో సహా వెనక్కి జరిగింది.

"అయిపోయింది! కానీ ఇప్పుడే తియ్యకూడదు" అన్నాడు ధర్మ ఆపరేటర్ గొంతుతో. "మూత మీద ఎర్ర పిన్ను సూడు. లోపల ఆవిరుంటే అది పైకి లేస్తాది. ఆవిరి పోతే దానంతటదే కిందికి పడిపోతాది. అప్పుడే తియ్యాలి."

"అదెప్పుడు పడతాది?"

"దానికి బుద్ధి పుట్టినప్పుడు."

పిన్ను పది నిమిషాలకి పడింది. అంతసేపూ కూర్చున్న అవ్వ, సరిగ్గా అప్పుడే టమాటాలు కాల్చడానికి పెరట్లో పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

ధర్మ మూత తీశాడు. పులగం చక్కగా ఉడికింది. సామబియ్యం, కందిపప్పు, గుమ్మడిముక్కలు, అల్లం, వాళ్ళ తోటలో కాసిన మిరియాలు. పోయిన వారమే ఊళ్ళో కంది కొత్త పండగ అయింది. ఆ పండగ చేశాకే ఊళ్ళో ఎవరైనా కొత్త కందుల్ని నోట్లో వేసుకుంటారు. ఆ కొత్త పప్పు వెన్నలా కరిగిపోయింది.

ధర్మ ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు. బాగుంది. కానీ టీచర్‌కి పెట్టేంత బాగుందా?

వాడికి నర్సీపట్నం పెళ్ళి గుర్తొచ్చింది.

పోయిన వేసవిలో మల్లేశు మావ వాణ్ణి ఒక స్నేహితుడి పెళ్ళికి తీసుకెళ్ళాడు. భోజనాల దగ్గర ఒకాయన నెయ్యి గిన్నె పట్టుకుని పంక్తుల మధ్య రాజులా తిరుగుతున్నాడు. అందరూ "వద్దు బాబూ, వద్దు వద్దు" అంటున్నారు. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెడుతున్నారు. ఆయన ఆ చేతుల సందుల్లోంచే పోసేస్తున్నాడు. పోశాక ఎవరూ తిట్టలేదు. నవ్వుకుంటూ కలుపుకు తిన్నారు.

"వద్దన్నారు కదండీ?" అని ధర్మ అడిగాడు.

ఆయన గరిటె ఊపుతూ చెప్పాడు. "ఓరి పిచ్చి గుంటడా! పెద్దోళ్ళు వద్దంటే ఏటి? మొహమాటం! వద్దన్నోళ్ళకి రెండు గరిటెలు వెయ్యాల. అదీ మర్యాదంటే."

బడిలో నేర్చుకున్న చాలా సంగతులు ధర్మ మర్చిపోయాడు గానీ, ఇది మాత్రం మర్చిపోలేదు.

ఇప్పుడు టీచర్ వద్దంది. అంటే?

ధర్మ పీట ఎక్కి అటక మీదికి చెయ్యి చాపాడు. అతిథులు ఇద్దరు. ఒక్కొక్కరికి రెండు. మొత్తం నాలుగు చెంచాలు. వచ్చేది లెక్కల టీచర్, లెక్క తప్పకూడదు. నాలుగు చెంచాల నెయ్యీ వేసి, గరిటెతో అడుగు నుంచి బాగా కలిపి, సీసా మళ్ళీ తేనె డబ్బా వెనక పెట్టేశాడు.

"ఏటిరా అంత కమ్మగ వాసనొత్తంది?" పెరట్లోంచి అవ్వ కేకేసింది.

"కొత్త పప్పు కదవ్వా!" అన్నాడు ధర్మ.

అన్నాక వాడు ఒకసారి అటక వైపు చూశాడు. మంచినీళ్ళు తాగాడు.

* * *

ఒంటిగంటకి మల్లేశు మావ జీపు వచ్చింది. ముందు టీచర్ దిగింది. తర్వాత ఒక పరుపుచుట్ట దిగింది. తర్వాత నాలుగో తరగతి చదివే ఒక సన్నటి అమ్మాయి దిగింది.

"నా పేరు సాయిదుర్గ. ఘాట్‌లో మూడుసార్లు జీపు ఆపించాను" అని ఆ అమ్మాయి గర్వంగా పరిచయం చేసుకుంది.

"మూడోసారైతే ఉత్తినే ఆపించింది" అన్నాడు మల్లేశు మావ. "కోతులు సూడ్డానికి."

"పొద్దున్న తిన్న ఇడ్లీలన్నీ రోడ్డు మీదే పోయాయి. ఇప్పుడు నాకు చాలా ఆకలేస్తోంది" అంది సాయిదుర్గ.

"దుర్గా!" అంది టీచర్.

"నిజమే కదమ్మా!"

అవ్వకి ఆ పిల్ల చాలా నచ్చింది. "రా అమ్మా, రా, బేగి కూకో" అంటూ చాప పరిచింది.

నాన్న ఇంట్లో లేడు. కాఫీ గింజలు ఎండబోసిన కళ్ళం దగ్గర ఉన్నాడు. కొత్త టీచర్ వచ్చినా సరే, కలెక్టర్ వచ్చినా సరే, గింజల్ని కోళ్ళకి వదిలేసి ఆయన రాడు.

అమ్మ అడ్డాకుల విస్తర్లు వేసింది. అవ్వ ఒక్కో విస్తరిలో పచ్చడి పెట్టింది. అమ్మ పులగం వడ్డించింది. పసుపుపచ్చటి పులగం మీంచి పొగలు లేచాయి. ధర్మ తలుపు పక్కన నిలబడి టీచర్ మొహం చూస్తున్నాడు. ఇప్పుడు తింటుంది. కళ్ళు పెద్దవి చేస్తుంది. "ఎవరు వండారు?" అంటుంది. అప్పుడు తను మెల్లగా ముందుకొస్తాడు. అంతా వాడు అనుకున్నట్టే జరుగుతోంది.

సాయిదుర్గ గబుక్కున వేలు పెట్టింది.

"ఆగు. కాలుతుంది" అంది టీచర్. తర్వాత ఆమె అమ్మ వైపు తిరిగి నవ్వింది. "రమణిగారూ, ఈ రోజు నాకెంత హాయిగా ఉందో తెలుసా? ఎవరింటికి వెళ్ళినా మేం ముద్ద ఎత్తేముందు అడగాలి. ఇందులో పాలు పోశారా, నెయ్యి వేశారా అని. వాళ్ళు మొహం చిన్నబుచ్చుకుంటారు. మీరు ఫోన్‌లో మా ఇంట్లో అవి ఉండవు అన్నారు చూడండి, అప్పుడే అనుకున్నాను. ఈ ఇంట్లో ఏమీ అడక్కుండా తినొచ్చు అని."

ధర్మ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మీకెందుకు వద్దు టీచరమ్మా?" అని అవ్వ అడిగింది.

"మాది పాడి ఉన్న ఇల్లు అవ్వా. చిన్నప్పుడు రోజూ పొద్దున్నే దూడని లాక్కెళ్ళి దూరంగా కట్టేసే పని నాది. అది నా చెయ్యి నాకుతూ, వాళ్ళమ్మ వైపు గుంజుకునేది. పెద్దయ్యాక ఇక పాలు తాగబుద్ధి కాలేదు. దుర్గ కూడా నన్ను చూసి మానేసింది."

"నేను సొంతంగా మానేశాను" అంది సాయిదుర్గ.

అవ్వ మొహం వెలిగిపోయింది. "నానూ అంతేనమ్మా! దూడది దూడకే. సింతపల్లి సంతలో టీ తాగాలంటే నాను ముందు గ్లాసులోకి తొంగి సూత్తాను. ఆళ్ళు నల్లటీ అంటారు, పాలు సుక్క పోసెత్తారు. ఇంట్లో అయితే ఆ బాధ నేదు. టీ పెట్టేది మా గుంటడే. ఆడిత్తే నాను సూడకుండా తాగుతాను."

టీచర్ ధర్మ వైపు చూసి నవ్వింది.

ధర్మ నవ్వలేకపోయాడు. చూడకుండా తాగుతాను. ఆ మాట వాడి చెవుల్లో తిరుగుతోంది. టీచర్ కూడా ఇప్పుడు చూడకుండానే తినబోతోంది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నెయ్యి కరిగిపోయింది. సీసా తేనె డబ్బా వెనక ఉంది. చెబితే? రేపటి నుంచి రోజూ ఈ టీచర్ ఎదురుగానే బెంచీ మీద కూర్చోవాలి. ఇల్లంతటికీ వండింది ఈ ఒక్క పులగమే. అమ్మ పరువు. ఈ పిల్ల ఆకలి.

సాయిదుర్గ ముద్ద చేసి, ఉఫ్ ఉఫ్ మని ఊది, నోరు తెరిచింది.

"తినకండి!"

ఆ ఇంట్లో ఆ రోజు వినిపించిన మొదటి కూత అదే.

సాయిదుర్గ నోరు తెరుచుకునే ఉండిపోయింది. అమ్మ గరిటె గాల్లో ఆగిపోయింది. పెరట్లో కోడిపెట్ట కూడా ఒకసారి తల ఎత్తింది.

"అందులో నెయ్యుంది" అన్నాడు ధర్మ. వాడి గొంతు ఇప్పుడు చాలా చిన్నదైపోయింది. "నేనే వేశాను. నాలుగు చెంచాలు."

"నెయ్యా? మనింట్లో నెయ్యెక్కడిది?" అంది అమ్మ.

ధర్మ అటక వైపు చూశాడు. మల్లేశు మావ కూడా అటక వైపు చూసి, వెంటనే కిటికీలోంచి కొండని చూడ్డం మొదలుపెట్టాడు.

"నీకు సెప్పేను కదరా! వద్దన్నారని సెప్పేనా నేదా?" అమ్మ మొహం ఎర్రబడింది.

"సెప్పేవు. వద్దన్నారు కాబట్టే వేశాను."

అమ్మ గాల్లో ఉన్న గరిటెని గిన్నెలో పెట్టేసింది. అప్పుడు ధర్మ తల వంచుకుని పెళ్ళి సంగతి మొత్తం చెప్పాడు. నెయ్యి గిన్నె ఆయన గురించి, అడ్డం పెట్టిన చేతుల గురించి, రెండు గరిటెల గురించి, ఇద్దరికి కలిపి తను వేసుకున్న లెక్క గురించి. చివర్లో కళ్ళనీళ్ళు వచ్చేశాయి. "మొహమాటమనుకున్నాను టీచర్" అన్నాడు.



టీచర్ తన రెండు చేతులూ విస్తరి మీద అడ్డంగా పెట్టింది. "ఇలాగేనా పెట్టేవాళ్ళు?"

ధర్మ తలూపాడు.

"మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళిలో నేనూ ఇలాగే పెట్టాను. నిజంగానే వద్దని పెట్టాను. నెయ్యి వడ్డించే ఆయన నా వేళ్ళ మీదే పోసేశాడు. వేడి నెయ్యి!" ఆమె ఎడమచేతి చూపుడువేలు చూపించింది. "ఇదిగో, ఇక్కడ బొబ్బ లేచింది. ఆ పూట పెరుగన్నం కూడా తినను కదా, అరటిపండు తిని వచ్చేశాను."

"అరటిపండు కూడా రెండే ఇచ్చారు" అంది సాయిదుర్గ. ఆమె చేతిలో ముద్ద ఇంకా అలాగే ఉంది. దాన్ని విస్తరిలో పెట్టేసి అడిగింది. "ఇప్పుడు మనం ఏం తినాలి?"

అందరూ ధర్మ వైపు చూశారు. వాడు చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"అరగంట" అన్నాడు. "అరగంటలో మళ్ళీ వండేస్తాను. సామబియ్యం ఉంది. సగం గుమ్మడికాయ ఉంది."

"నేను కూడా వస్తాను" అని సాయిదుర్గ లేచింది. "గిన్నె బాగా కడగాలి. లేకపోతే దాంట్లో నెయ్యి ఉండిపోతుంది."

* * *

ధర్మ మిగిలిన పులగం వేరే గిన్నెలోకి తీసి, కుక్కర్ గిన్నెని వేడినీళ్ళతో, సబ్బుతో మూడుసార్లు కడిగాడు. మూడుసార్లూ సాయిదుర్గ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"మూతకి ఉన్న ఈ రబ్బరు రింగు?"

"అదీ కడగాల. అన్ని వాసనలూ దాంట్లోనే దాక్కుంటాయి" అన్నాడు ధర్మ. పుస్తకంలో పదకొండో పేజీ.

రెండు గ్లాసుల సామబియ్యం, ఒక గ్లాసు కందిపప్పు కడిగి నీళ్ళు వంపేశారు. అమ్మ గుమ్మడికాయ ముక్కలు కోసి ఇచ్చింది. ఆమె మొహం ఇంకా ఎర్రగానే ఉంది గానీ, ముక్కలు మాత్రం ధర్మకి నచ్చినట్టు పెద్దవిగానే కోసింది. ధర్మ కుక్కర్‌లో వేరుశనగ నూనె వేడిచేశాడు. జీలకర్ర చిటపటలాడింది. అల్లం, దంచిన మిరియాలు, పసుపు, ముక్కలు, పప్పు, బియ్యం, ఉప్పు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. మూడు గ్లాసులకి తొమ్మిది గ్లాసుల నీళ్ళు. సాయిదుర్గ గట్టిగా లెక్కపెట్టింది. మూత తిప్పి, బటన్ నొక్కాడు. పది నిమిషాలు.

కాసేపటికి ఎర్ర పిన్ను పైకి లేచింది. కుక్కర్ అద్దంలో అంకెలు తగ్గడం మొదలైంది. పది. తొమ్మిది. ఎనిమిది. ఏడు.

ఏడు తర్వాత ఏమీ రాలేదు. అద్దం నల్లగా అయిపోయింది. పైన ఫ్యాన్ మెల్లగా తిరిగి ఆగిపోయింది.

"కరెంటు పోయింది" అన్నాడు మల్లేశు మావ. ఆ సంగతి అందరికీ తెలిసినా, ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ధర్మ మొహం అద్దం కన్నా నల్లగా అయిపోయింది. చింతపల్లి కొండల్లో కరెంటు ఎప్పుడొస్తుందో కరెంటుకే తెలియదు. "ఇప్పుడేటి సెయ్యాల?" అన్నాడు. వాడి చెయ్యి మూత మీదికి వెళ్ళింది.

"తియ్యకు!" అంది అవ్వ. అప్పటిదాకా నాలుగడుగుల దూరంలో ఉన్న అవ్వ మొదటిసారి కుక్కర్ పక్కకి వచ్చి కూర్చుంది. "దాని పిన్ను పైనే ఉంది కదేటి? అంటే లోపల ఆవిరుందని నువ్వే సెప్పేవు. కుండ కింద మంట ఆరిపోతే లోపలిది ఉడకడం మానేత్తాదా? ఆ ఏడికే ఉడుకుతాది. మూత తీత్తే సెడిపోద్ది. ఊరుకోవాల, అంతే."

"నిజంగా ఉడుకుతాదా అవ్వా?"

"నాను కుండలు దించడం మొదలెట్టినప్పటికి నువ్వు పుట్టనేదు." అవ్వ లేచి మూల నుంచి బొంత తెచ్చింది. "ఉండు, సలి పెట్టకుండా కప్పుతాను."

"వద్దవ్వా! మూత మీద ఆవిరి పోయే చోటు మూసెయ్యకూడదు. పుస్తకంలో రాసుంది!"

అవ్వ బొంతని ఒకసారి చూసి, కుక్కర్‌ని ఒకసారి చూసి, తనే కప్పుకుంది.

ఇంక కాచుకోవడమే పని. సాయిదుర్గ, ధర్మ కుక్కర్ ముందు బోర్లా పడుకుని పిన్నుని చూస్తూ ఉన్నారు. ముందు ఎవరు కన్ను ఆర్పితే వాళ్ళు ఓడిపోయినట్టు. సాయిదుర్గ ఆరుసార్లు ఓడిపోయి, ఆరుసార్లూ ఒప్పుకోలేదు. టీచర్ అవ్వ దగ్గర కాల్చిన టమాటా పచ్చడి ఎలా చేయాలో నేర్చుకుంటోంది.

ఈలోగా నెయ్యి పులగం దగ్గర మల్లేశు మావ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"పారెయ్యకూడదు కదా" అన్నాడు. కొంచెం తిన్నాడు. "సల్లారిపోతంది" అన్నాడు. ఇంకొంచెం తిన్నాడు. మూడోసారి ఏమీ అనలేదు. తిన్నాడు.

"టక్."

ఎర్ర పిన్ను పడిపోయింది.

ధర్మ మూత తిప్పాడు. ఆవిరి గుప్పున లేచింది. గరిటెతో కలిపి చూశాడు. పప్పు కరిగింది. గుమ్మడిముక్క గరిటె తగలగానే విడిపోయింది. సామబియ్యం మెతుకు వేళ్ళ మధ్య మెత్తగా నలిగింది.

"ఉడికిపోయింది!" అని సాయిదుర్గ గెంతింది.

"కరెంటు నేకపోయినా పని సేసింది" అంది అవ్వ కుక్కర్‌ని తడుతూ. "మూగదైనా మంచిదే."

* * *

ఈసారి వడ్డన ధర్మదే. అమ్మ గరిటె వాడి చేతికిచ్చి, "జాగ్రత్త" అని ఒక్క మాట అంది. ఆ మాటలో కోపం వెతికితే కొంచెం దొరికేది గానీ, ఎక్కువ లేదు.

టీచర్ మొదటి ముద్ద తింది. వాడు అనుకున్నట్టు కళ్ళేమీ పెద్దవి చెయ్యలేదు. మూసుకుంది. రెండో ముద్ద తింది, మూడోది తింది, అప్పుడు "రేపు నువ్వు బడిలో మొదటి బెంచీలో కూర్చో" అంది. అది బహుమానమో శిక్షో ధర్మకి తెలియలేదు.

సాయిదుర్గ రెండుసార్లు వేయించుకుంది. మూడోసారి ధర్మ గరిటె ఎత్తగానే, "వద్దు. చాలు" అంది.

గరిటె విస్తరి మీద గాల్లోనే ఆగింది. వేడి పులగం ఒక చుక్క కూడా కింద పడలేదు. ధర్మ గరిటెని అలాగే వెనక్కి తీసుకుని గిన్నెలో పెట్టేశాడు.

"ఇంకొంచెం వెయ్యరా, పిల్ల మొహమాటపడతంది" అన్నాడు మల్లేశు మావ.

"వద్దంది కదా మావా."

వాడు తర్వాతి విస్తరి దగ్గరికి వచ్చాడు. అది మల్లేశు మావదే. ఉత్తి పులగం రుచి ఎలా ఉందో చూడాలని ఆయన కూడా పంక్తిలో కూర్చున్నాడు. ఒకసారి చూసేశాడు. ఇప్పుడు రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టాడు. వేళ్ళ మధ్య సందులు మాత్రం చాలా వెడల్పుగా ఉన్నాయి.

"అబ్బే, వద్దురా, వద్దు వద్దు. ఇప్పుడే కదా తిన్నాను."

"సరే మావా" అని ధర్మ ముందుకు వెళ్ళిపోయాడు.

మల్లేశు మావ వెళ్ళిపోతున్న గరిటెని చూశాడు. ఖాళీ విస్తరిని చూశాడు. చేతులు తీసేసి దగ్గాడు. ఎవరూ చూడలేదు. మళ్ళీ దగ్గాడు.

"ఒరే ధర్మా."

"ఏం మావా?"

"వద్దన్నాను గానీ..."

"వద్దన్నావు కదా మరి."

"వెయ్యరా బాబూ! కావాలి! నాకు కావాలి!"

టీచర్‌కి నవ్వు ఆగక పొలమారింది. అమ్మ నీళ్ళిచ్చి, తనూ నవ్వేసింది. ధర్మ పరిగెత్తుకొచ్చి మావ విస్తరిలో రెండు గరిటెలు వేశాడు.

భోజనాలయ్యాక ధర్మ పెరట్లో పొయ్యి మీద టీ పెట్టాడు. అందరికీ నల్లటి టీయే, కొంచెం బెల్లం, రెండు మిరియాలు. మొదటి గ్లాసు అవ్వకి ఇచ్చాడు.

"సూసుకో అవ్వా" అన్నాడు మెల్లగా.

అవ్వ గ్లాసు అందుకుంది. వాడి మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని, "ఊఫ్" మని ఊది, తాగింది.